రెండు సీట్ల పడవ

పెళ్ళయి ఆరు నెలలు దాటినా నా భార్య గొంతు ఎలా ఉంటుందో నాకు సరిగా తెలియదంటే మీరు నవ్వుతారు. నవ్వండి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టర్‌లో కాపురం పెట్టినవాళ్ళు మాత్రం నవ్వరు.

లోపలి గదిలో మా అమ్మ అచ్చియమ్మ, మా మేనత్త అప్పయమ్మ, వాళ్ళిద్దరి మధ్య నా భార్య చిన్నమ్మి పడుకునేవారు. ముందు గదిలో నేనూ నా తమ్ముళ్ళూ. పక్క క్వార్టర్ మా మేనమామ ఆదినారాయణది. ఆయన గూడ్సు బండి గార్డు, డ్యూటీ లేనప్పుడల్లా మా వసారాలోనే ఉంటాడు. కొత్తకోడలు పెద్దవాళ్ళ ఎదుట మొగుడితో మాట్లాడకూడదని మా ఇంటి కట్టు. పెద్దవాళ్ళు లేని చోటంటూ మా ఇంట్లో లేదు. నేను తార్ ఆఫీసులో, అంటే తంతి ఆఫీసులో, సిగ్నలర్‌ని. ముక్కూమొహం తెలియని వాళ్ళ మాటలు పొద్దస్తమానం టకటకా కొట్టి ఊళ్ళు దాటిస్తాను. ఇంటికొచ్చి పెళ్ళానికి ఒక్క ముక్క చెప్పలేను. దీనికి ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక అందరి మీదా తెచ్చుకునేవాణ్ణి.

ఒకనాడు డ్యూటీకి పోతుంటే వీధి కొళాయి దగ్గర చిన్నమ్మి కనబడింది. బిందె నిండి పొర్లిపోతోంది. ఆమె అది చూడకుండా పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. సైకిలు దిగాను. ఏమంటే బాగుంటుందా అని వెతుక్కుంటున్నాను. ఇంతలో మా గుమ్మంలోంచి మేనత్త దగ్గింది. మళ్ళీ సైకిలెక్కి వెళ్ళిపోయాను.

ఆ రోజంతా నా బుర్ర పని చెయ్యలేదు. ఎందుకేడ్చింది? చీపురుపల్లి పక్కనున్న తన పల్లె గుర్తొచ్చిందా? మా అమ్మ ఏమైనా అందా? నేనే నచ్చలేదా? కార్తీక పున్నమి వెళ్ళగానే వాళ్ళ అన్న వచ్చి ఆమెను పుట్టింటికి తీసుకెళ్తాడు. మా క్వార్టర్ల లైనులోనే ఒక ఫైర్‌మన్ భార్య అలాగే బొబ్బిలి వెళ్ళింది. రెండేళ్ళ నుంచీ వచ్చే వారం వస్తానంటూనే ఉంది. చిన్నమ్మి కూడా అలాగే చేస్తే? నాతో ఈ బొగ్గు ఊళ్ళో ఉండడం తనకి ఇష్టమో కాదో ఒక్కసారి అడగాలి, అది ఆమె వెళ్ళేలోగా అడగాలి. అంతే నాకు కావలసింది. అంత చిన్న కోరికకి ఇంత చోటు లేకపోవడం ఏమిటో నాకర్థం కాలేదు.

అప్పుడే ఇంజనీరు దొర ఒకాయన సొంత దేశానికి పోతూ సామాను వేలం వేయించాడు. కుర్చీలూ దీపాలూ అమ్ముడుపోయాయి. పొడుగాటి సంచుల్లో కట్టిన కర్రబద్దలూ రబ్బరు పూసిన గుడ్డా మాత్రం మిగిలిపోయాయి. అవేమిటని అడిగితే "కాయక్" అన్నాడు దొర. బిగిస్తే పడవట, విప్పి మడిస్తే మూటట. పట్టుకుపొమ్మన్నాడు. అందులో ఇద్దరు కూర్చోవచ్చు. ఇద్దరే కూర్చోవచ్చు. ఆ మాట వినగానే నా మనసు రతన్‌పూర్ అవతలికి పోయింది. అక్కడ ఖూటాఘాట్ దగ్గర ఆనకట్ట కట్టాక కనుచూపు మేర చెరువు నిలిచింది. మధ్యలో మునగని గుట్ట ఒకటి దీవిలా మిగిలింది. అక్కడ ముందు గది లేదు, వసారా లేదు, దగ్గే మేనత్త లేదు.

దంపతులు కలిసి తీర్చాల్సిన మొక్కొకటి రతన్‌పూర్ మహామాయమ్మకి ఉందని ఇంట్లో చెప్పాలి. మధ్యాహ్నం పడవెక్కి, సాయంత్రానికి దీవి చేరి, రాత్రి అక్కడే వండుకుని, పొద్దున్నే తిరిగి రావాలి. పడవ నడపడం నాకు రాదు. అది తర్వాత చూసుకోవచ్చనుకుని మూట తెచ్చి ఆఫీసు మూల దాచాను.

రెండు రోజులు కాపు కాశాక కొళాయి దగ్గర మళ్ళీ ఒంటరిగా దొరికింది. గబగబా చెప్పేశాను. "చెరువు మద్దెని దీవుంది. పడవుంది. మొక్కని చెప్పి మనిద్దరం ఎల్దాం. ఒక్క రాత్రికి. ఎవరికీ చెప్పకు." ఆమె తలెత్తి నన్ను చూసింది. బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. అది ఔనా, కాదా? తార్ ఆఫీసులో అయితే అవతలివాడు అందిందనైనా కొడతాడు.

మర్నాడు అన్నం తింటుంటే మా అమ్మ విసనకర్ర ఆపి అంది.

"ఒరే శంకరం, రతన్‌పూర్ కాడ చెరువు మద్దెని దీవిలో ఉసిరి చెట్టుందటరా. కార్తీకమాసం! ఉసిరి చెట్టు కింద వనబోజనం చేస్తే ఎంత పున్నెం! నీకాడ పడవుందట కదా."

ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేశాను. "ఎవులు చెప్పినారమ్మా?"

"ఎవులో ఒకలు చెప్పినారు. పున్నమికి ఎల్దాం. అందరం ఎల్దాం."

దీవి మీద ఉసిరి చెట్టుందని నాకే తెలియదు. అసలు ఆ దీవి తొక్కినవాణ్ణి నేను చూడలేదు. ఆ సాయంత్రమే మేనత్త అందుకుంది. చుట్టూ నీళ్ళున్న చోట పున్నమినాడు దీపం పెట్టి జాగరం చేస్తే ఏడు తరాలు తరిస్తాయట. ఇది ఏ పురాణంలో ఉందంటే, "నీకెన్ని పురానాలు తెలుసురా?" అంది. నాకు ఒక్కటీ తెలియదు.

ఆ మర్నాడు ఆదినారాయణ మామయ్య సుద్దముక్కతో వచ్చి మా వసారా నిండా గీతలు గీశాడు. "ఇది గట్టు. ఇది దీవి. మద్దెని సింగిల్ లైను. పడవ నడపడమంటే కుర్రకారు పని కాదు, లైను తెలిసినోడుండాల. ఎదురుబండి నేదని టోకెన్ చేతికి రాకుండా పడవ కదలకూడదు."

"మామా, ఉన్నది ఒక్క పడవ. దేన్ని గుద్దుతాది?"

"అరే, ఒక్కటే ఉందని రూలు మార్చీస్తావేటి? మొన్న సైడింగులో ఉన్న ఒక్క ఇంజనే కదా పట్టాలు దిగిపోయింది!" అని, రెండు సీట్లూ గీశాడు. "ముందు సీటు డ్రైవరు. ఎనక సీటు గార్డు, అంటే నాను."

"మరి పాసింజర్లు?"

మామయ్య సుద్దముక్క చెవి మీద పెట్టుకుని గీతల వంక చాలాసేపు చూశాడు. డ్రైవరూ గార్డూ లేకుండా బండి కదలడం ఆయన తన సర్వీసులో చూడలేదు. వాళ్ళిద్దరూ ఎక్కితే మా అమ్మ దీవికి ఎలా చేరుతుందో తోచలేదు. చివరికి "అచ్ఛా, అది అక్కడికెల్లి చూద్దాం," అన్నాడు. నా పడవ ప్రయాణంలో నాకు సీటు లేకపోవడం ఆయన గమనించినట్టు లేదు.

నాలుగు రోజుల్లో మాట లైనంతా పాకింది. రెండు ఎడ్లబళ్ళు మాట్లాడారు. పొరుగింటివాళ్ళు గుమ్మడికాయ ఇస్తామన్నారు. ఎదురింటివాళ్ళు వంటకి పెద్ద డేగిసా ఇస్తామన్నారు. నా తమ్ముళ్ళు ఇంటివెనక తెడ్డు తిప్పుతూ గాలిలో ఈదుతున్నారు. అందరూ నన్నే మెచ్చుకుంటున్నారు. "మంచి ఆలోచన చేసినావురా" అంటున్నారు. ఏ ఆలోచన? నేను చేసింది ఇది కాదు కదా? ఎవరి ఆలోచనలోనో నేను తప్పిపోయాను. సంతలో తప్పిపోయిన పిల్లాడికైనా ఏడిస్తే ఎవరో ఒకరు చెయ్యిపడతారు.

నేను చెప్పింది ఒక్క మనిషికి. అది తలుచుకున్నాక అన్నీ అర్థమైనట్టే అనిపించింది. నాతో ఒంటరిగా రావడం చిన్నమ్మికి ఇష్టం లేదు. లేదని మొహం మీద చెప్పలేక ఊరందరికీ చెప్పింది. పదిమంది చేరితే ఇక ఒంటరిగా ఉండే గొడవే లేదు కదా! సిగ్గేసింది. ఆ రాత్రి అన్నం వద్దన్నాను. చిన్నమ్మి కంచం తీస్తూ ఒక్క క్షణం ఆగింది. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను.

మా ఆఫీసులో రమణమూర్తి పున్నమినాడు సెలవు దొరక్క గింజుకుంటున్నాడు. ఆ పూట డ్యూటీ నేను చేస్తానన్నాను. అతను నమ్మలేనట్టు చూశాడు. ఇంటికొచ్చి, నేను రావడం లేదు, పడవ మీరే పట్టుకుపొండి అన్నాను. ఇంట్లో పెద్ద గోల లేచింది. నేను రానని కాదు. మా నాన్న ఇంజను నడిపిన కాలం నుంచీ మా ఇంట ఒక నియమం ఉంది. మొగాడు డ్యూటీలో ఉంటే ఇంట్లో పొయ్యి ఆరకూడదు. అన్నం వేడిగా ఉంచుకుని ఎవరో ఒకరుండాలి. మా నాన్న బతికున్నన్నాళ్ళూ మా అమ్మ ఒక్క జాతర చూడలేదు.

"నానుండిపోతాను," అంది అమ్మ. కాని ఆవిడ మొహం చూస్తే చిన్నపిల్ల మొహంలా వేలాడిపోయింది. మేనత్త జాగరం మానదు. మామయ్య గార్డు.

"నానుంటాను లెండత్తా," అని వంటింట్లోంచి వినబడింది.

చిన్నమ్మి గొంతు అంత స్పష్టంగా వినడం అదే మొదలు. దీవికి నాతో రానన్న మనిషి నాకు అన్నం వండడానికి ఉండిపోతోంది! నాకు జాలి పుట్టింది, ఆమె మీదో నా మీదో తెలియలేదు. అమ్మ రెండు మూడుసార్లు వద్దంది. తర్వాత ఒప్పుకుని గబగబా చీర మడత పెట్టుకుంది.

పున్నమినాడు తెల్లవారకముందే బళ్ళు కదిలాయి. ముందు బండి మీద పడవ మూట, దాని మీద మామయ్య, ఆయన చేతిలో పచ్చజెండా. నేను డ్యూటీకి వెళ్ళి ఎన్ని తప్పులు కొట్టానో చెప్పను. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వసారాలో ఎవరూ లేరు. ముందు గదిలో ఎవరూ లేరు. మా క్వార్టర్ ఇంత పెద్దదని నాకు అంతవరకూ తెలియదు.

"కాళ్ళు కడుక్కోండి. బువ్వెడతాను," అంది చిన్నమ్మి.

కూర్చున్నాను. వడ్డించింది. గుమ్మానికి చేరబడి అక్కడే నిలబడింది. నాలుగు ముద్దలు తిన్నాక ఇక ఆగలేకపోయాను.

"ఎవరికీ చెప్పొద్దన్నాను కదా. నాతో రావడం ఇష్టం లేకపోతే లేదని నాతో అంటే సరిపోయేది."

"ఇష్టం నేదని ఎవులన్నారు?" ఆమె కళ్ళు పెద్దవి చేసింది.

"మరి అమ్మకి చెప్పలేదా?"

"చెప్పినాను. దీవిలో ఉసిరి చెట్టుందని అత్తకి చెప్పినాను. దీపం ఎడితే పున్నెమని పెద్దత్తకి చెప్పినాను. నీల మీద బండి నడపాలంటే లైను తెలిసినోలుండాలని మావ ఇనేటట్టు పెద్దత్తతో అన్నాను."

చెయ్యి కంచంలోనే ఉంచుకుని అడిగాను.

"ఎందుకు?"

"మీ మొక్కు మాట అత్త నమ్మీదేటండీ? కొత్తకోడల్ని రాత్రిపూట నీల మీదకి పంపుతాదేటి? మనిద్దరం బయటికెల్లడం అయ్యే పని కాదు. అందర్నీ పంపడం అయ్యే పని." గుమ్మం వదిలి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "మీరు డ్యూటీ ఏయించుకోకపోతే నాకు జొరమొచ్చీది. కాపలాకి మిమ్మల్నే ఉంచీది అత్త."

"ఉసిరి చెట్టు నిజంగా ఉందా?"

"నాకేటి తెలుసు?"

అక్కడ మామయ్యా ఆయన టోకెనూ, దీపాలు పట్టుకున్న మేనత్తా, గుమ్మడికాయలూ కళ్ళముందు కదిలాయి. నవ్వాలో భయపడాలో తెలియలేదు. కాని నన్ను తొలిచేస్తున్నది అది కాదు.

"ఆ రోజు కొళాయి కాడ ఏడుస్తున్నావు. ఎందుకు?"

"ఏడవనేదు. కంట్లో బొగ్గు నలుసు పడ్డాది. మీరు సైకిలు దిగినారు. ఏదో అంటారనుకున్నాను. ఏటీ అనకుండా ఎల్లిపోనారు. అప్పుడేడిసినాను."

ఆరు నెలలుగా నేను ఆమె మౌనం చూసి భయపడుతున్నాను. ఆమె నా మౌనం చూసి భయపడుతోంది. ఈ సంగతి నాకు తట్టనే లేదు. ఛీ అనిపించింది, అంతలోనే గుండె తేలికైంది. కంచం పక్కకి జరిపాను.

"మీ అన్న వస్తున్నాడు కదా. ఎల్తావా?"

"మీరేటంటారు?"

ఈ ఒక్క ప్రశ్న కోసమే నేను పడవ తెచ్చాను. దీవి మీద కూర్చుని ఆమెకి చెప్పాలని ఎన్ని మాటలు కూర్చుకున్నానో! జీతం సంగతి, విడిగా క్వార్టర్‌కి అర్జీ పెడతానన్న సంగతి, సాయంత్రాలు అర్పా నది గట్టుకి తీసుకెళ్తానన్న సంగతి. అందులో ఒక్కటీ నోటికి రాలేదు.

"ఉండిపో," అన్నాను.

చిన్నమ్మి పెదవులు బిగపట్టింది, ఆగలేకపోయింది. పకపకా నవ్వేసింది. ఇంట్లో ఎవరూ లేరన్నది అప్పుడే గుర్తొచ్చినట్టు ఇంకా గట్టిగా నవ్వింది.

"ఈ ఒక్క ముక్కకి లైనంతటినీ నీల మీదకి తోలీసినామా!" అని కళ్ళు తుడుచుకుంది. "మా అన్నొస్తే ఓ పూట బువ్వెట్టి పంపీండి. నాను రానని మీరు చెప్పక్కర్నేదు, నానే చెప్తాను."