నూకుడు, గుంజుడు

మా మహిత సైన్సు పేపరు మడిచి బ్యాగులో పెట్టుకొని ఆ శనివారం నేను బడికి పోయాను. పోట్లాటకే పోయాను. తల్లిదండ్రుల సమావేశమని వాళ్లే పిలిచారు కాబట్టి, ఎందుకొచ్చావని అడిగేవాళ్లు కూడా లేరు.

సంగతి ఇది. ఎనిమిదో తరగతి పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది: వస్తువులు కదలడానికి కారణమేమిటి? ఉదాహరణతో రాయండి. నాలుగు మార్కులు. నా బిడ్డ ఇలా రాసింది:

"వస్తువు దానంతట అది కదలదు. ఎవరన్న నూకాలె, లేకుంటె గుంజాలె. మా బాపు తాడు గుంజితే నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు ఉరుకుతది. మల్ల గుంజితే మల్లొస్తది. నడుమల ఎవ్వలు పట్టుకోకున్నా ఉరుకుతనే ఉంటది. అంచుకున్న పెట్టెకు తాకితేనే ఆగుతది."

మాది కొత్తవాడ. ఇంట్లో మగ్గం ఉంది. మా ఆయన సుదర్శన్ చద్దర్లు నేస్తాడు. నేనూ మా అత్త లచ్చవ్వా నూలు దారాన్ని కండెలకు చుడతాం. మహిత పుట్టినప్పటి నుంచి, పోగుల నడుమ దారం మోసుకుంటూ తిరిగే ఆ నాడె చప్పుడులోనే నిద్రపోయింది. అది అటూ ఇటూ ఎందుకు ఉరుకుతుందో, ఎందుకు ఆగుతుందో పుస్తకం తెరవకముందే దానికి తెలుసు. తెలిసింది తెలిసినట్టు రాసింది. నాలుగుకు సున్నా వచ్చింది. పక్కన ఎర్ర పెన్నుతో ఒక మాట: "ఇది భాషేనా?"

సున్నాతో వదిలేసినా నేను ఊరుకునేదాన్నేమో. సైన్సు సారు సారంగపాణి ఆ జవాబును క్లాసులో పైకి చదివాడట, ఒక్కో మాటా సాగదీసుకుంటూ. పిల్లలు పడీ పడీ నవ్వారట. ఆ రోజు నుంచి నా బిడ్డ పేరు నూకుడు. "ఓ నూకుడూ, జర స్కేలియ్యి" అంటారట. అంతటితో అయిందా? జిల్లా సైన్స్ ఫేర్ కోసం మహిత నెల రోజులు కూర్చొని అట్టముక్కలతో, ఐస్‌క్రీం పుల్లలతో చిన్న మగ్గం చేసింది. తాడు గుంజితే నాడె నిజంగానే ఉరుకుతుంది. మగ్గం ఫేర్‌కు పోతుందట, మహిత మాత్రం పోదట. దాని గురించి చెప్పడానికి వేరే పిల్లను పెట్టాడు సారు. అక్కడికి పెద్దవాళ్లు వస్తారు, మంచి భాష కావాలి అన్నాడట. చేసిన చేతులు పనికొచ్చాయి, నోరు పనికిరాలేదు.

గురువారం పొద్దున ఇంట్లో ఏమైందో కూడా చెప్తాను. మా అత్త కండెలు చుడుతూ, "బిడ్డా, ఆ బుట్ట జర ఇటు నూకు" అంది. మహిత కదల్లేదు.

"నూకు అనకు నాయినమ్మా. నువ్వు మా బడికి గూడ రాకు" అంది.

ముసలామె చేతిలో దారం అలాగే పట్టుకొని నా వైపు చూసింది. "నేనేమన్న తప్పు మాట అన్ననా వినోదా?" అని అడిగింది. డెబ్బై ఏళ్లు ఆ మాటలతోనే బతికిన మనిషి. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది.

బడిలో సారు వరండాలో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. మహిత నా పక్కన తల వంచుకొని నిలబడింది. మా ఆయన వెనక నిలబడ్డాడు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి.

పేపరు సారు ముందు పెట్టాను. "ఇందుల తప్పేంది సారూ?"

సారు చూసి నవ్వాడు. "భావం బాగానే ఉందమ్మా. పదాలే సరిగా లేవు. నెట్టడం, లాగడం అని రాయాలి. బలం అనే మాట ఎక్కడా లేదు."

"బలం లేకుంటె ఒక్క మార్కు కొయ్యుండ్రి. నాలుగు ఎందుకు కోసిండ్రు?"

"ఇంటి భాష పరీక్షలో రాయకూడదమ్మా. రేపు అమ్మాయి పైకి రావద్దా? మీ మంచికే చెబుతున్నాను."

"పైకి రావాల్నంటె వాళ్ల నాయినమ్మను చూసి సిగ్గుపడాల్నా సారూ? ఇప్పుడు గదే చేస్తాంది నా బిడ్డ. గది మీరు నేర్పిందే."

సారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మీ మంచికే అని చెప్పి మనుషుల్ని చిన్నబుచ్చే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంకా నాలుగు మాటలు అనేదాన్నే. అంతలో లోపలి నుంచి కేక వినిపించింది.

సైన్సు గదిలోకి ఇనుప బీరువా తెస్తున్నారు. అటెండరు రాయమల్లు, ఇంకో ఇద్దరు తండ్రులు పట్టుకున్నారు. అది గడప దగ్గర ఇరుక్కొని ఒక పక్కకు ఒరిగింది. "సారూ, జర రాండ్రి" అన్నాడు రాయమల్లు. సారు లేచి పరుగెత్తాడు. మా ఆయన కూడా పోయి గదిలోపలి వైపు పట్టుకున్నాడు.

"నెమ్మదిగా, నెమ్మదిగా" అన్నాడు సారు మొదట. బీరువా ఆయన కాలి మీదికి జారబోయింది. అంతే, ఆ పుస్తకం భాష ఎటు పోయిందో ఏమో.

"అరే నూకుండ్రి. గటు కాదు రాయమల్లూ, ఇటు నూకు, ఇటు. ఓ అన్నా, నువ్వు లోపట్నుంచి గుంజు. ఇంక జర గుంజు."

ఆయనదీ మా వైపే, పరకాల పక్క ఊరు. గురివింద తన కింది నలుపు ఎరగదని ఊరికే అనలేదు పెద్దలు.

అప్పుడు నా బిడ్డ తల ఎత్తింది. వెక్కిరింపు లేదు, క్లాసులో పాఠం అప్పజెప్పినట్టే చెప్పింది.

"సార్, నెట్టండి అనాలె."

బీరువా పట్టుకున్న వాళ్లంతా ఆగిపోయారు. సారు మహిత వైపు చూశాడు.

"ఏదో ఒకటి అనుండ్రి సారూ, నా చేతులు పోతానయ్" అన్నాడు రాయమల్లు.

సారు గొంతు తగ్గించి, "నూకుండ్రి" అన్నాడు. బీరువా లోపలికి పోయింది.

చెమట తుడుచుకొని వచ్చి సారు పేపరు ముందుకు లాక్కున్నాడు. ఎర్ర పెన్ను తీశాడు. "మూడు వేస్తానమ్మా. బలం రాయలేదు కాబట్టి ఒకటి పోతుంది" అన్నాడు. అది న్యాయమే, నేను కాదనలేదు.

మహిత మాత్రం, "మార్కులు కాదు సార్. క్లాసుల మల్లొక్కసారి చదువుండ్రి. మొన్న నవ్వుకుంట చదివిండ్రు" అంది.

సారు పెన్ను పక్కన పెట్టి జవాబు మొదటి నుంచి పైకి చదివాడు. ఈసారి సాగదీయలేదు. నడుమ ఒక చోట ఆగాడు.

"నాడె అంటే ఏంది బిడ్డా?"

అంటే అదేమిటో తెలియకుండానే ముప్పై మంది ముందు నవ్వాడన్నమాట. తగ్గుతున్న నా కోపం మళ్లీ మొదటికొచ్చింది. నేను నోరు తెరిచేలోపు మహితే జవాబు చెప్పింది.

"గది నోటితోని చెప్తె తెల్వది సార్. మగ్గం ముందట నిలబడి చూపియ్యాలె. ఫేర్‌ల నేనే చూపిస్త."

సారు మళ్లీ పెన్ను తీసి పేపరు మీద మూడు వేశాడు. "సరే. నువ్వే చూపియ్యి" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మా అత్త కండెలు చుడుతోంది. బుట్ట దూరంగా ఉంది. చేయి చాపింది, అందలేదు. మనవరాలి వైపు చూసి, అడగబోయి మానుకొని, మోకాళ్ల మీద చేతులు వేసి తనే లేవబోయింది.

మహిత బ్యాగు పక్కన పడేసి బుట్ట దగ్గర కూర్చుంది.

"నాయినమ్మా, ఎటు నూకాలె?" అంది.