అద్దం లేని పటం

నా భార్య మొగం నాకు గుర్తు లేకుండా పోతాండాదని తెలిసినాకనే ఆ సైకిల్ యాత్రకు పేరిచ్చినాను. కొండలు చూసే సరదా నాకు లేదు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన మరుసటేడు, కార్తీక మాసం. ప్రొద్దుటూరులో మిషన్ బడి అయ్యవారు దేవపాలు, సైకిల్ షాపు ఖలందర్, పురోహితుల కొడుకు కోదండపాణి కలిసి సైకిళ్ల మీద హార్సిలీ కొండ దాకా పోవాలనుకున్నారు. పోవడానికే నూటయాభై మైళ్లు. ఇంకొక మనిషి ఉంటే బాగుంటుందని చూస్తున్నారు. నేను శనక్కాయల మిల్లులో తూకం దగ్గర పని చేస్తాను. ఊరి బడిలో ఐదో తరగతి చదివినాను. వాళ్లతో నాకు స్నేహం లేదు. ఖలందర్ దగ్గర సైకిల్ బాగు చేయించుకుంటాను, అంతే.

వరదరాజులన్న వస్తాడని ఖలందర్ నా గురించి చెప్తే దేవపాలు నమ్మలేదంట.

"ఆయప్ప నగంగా నేనెప్పుడూ చూడలేదు. కొండ మీద చలికి వణికితే అప్పుడన్నా పండ్లు కనిపిస్తాయిలే" అన్నాడంట.

దారి గురించి మొదటి రోజే తగువు. కడప, రాయచోటి మీదుగా పోదామన్నాడు కోదండపాణి. అదే దగ్గర. రోడ్డు మంచిది. దేవపాలు గండికోట చూడాలన్నాడు. నాకు ఆ సందు చాలు. "గండికోట చూసుకుని ముద్దనూరు, పులివెందుల, కదిరి మీదుగా పోవచ్చు. రోడ్డు బాగుంటాది" అన్నాను. బాగుండదని నాకు తెలుసు.

పులివెందుల నా అత్తగారి ఊరు.

మీనాక్షిని మాఘంలో చేసుకున్నాను. ఐదు నెలలు కాపురం. ఆషాఢం వస్తూనే వాళ్ల నాయన వచ్చి తీసుకపోయినాడు. కొత్త పెండ్లికూతురు ఆ నెల పుట్టింట్లో ఉండాల. అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. అందరికీ ఉండే ఆచారమే. పదైదు రోజులు ఓర్చుకున్నాను. పదహారో రోజు తెల్లారకముందే సైకిలెక్కి మధ్యాహ్నానికి వాళ్ల వాకిట్లో దిగినాను. అత్త మంగమ్మ గడపలో అడ్డం నిలబడింది. "ఈ నెల కాదు నాయనా. నెల పోనీ" అనింది. లోపల గాజుల చప్పుడు వినబడింది. మనిషి కనబడలేదు. చెంబుతో మజ్జిగ తెచ్చి బయట అరుగు మీద పెట్టినారు. తాగకుండా వచ్చేసినాను.

తొమ్మిది రోజులకు ఆ ఊర్లో కలరా వచ్చింది. కబురు అంది నేను పోయేసరికి బూడిద కూడా చల్లారింది.

పదకొండేండ్లు ఆ ఇంటికి పోలేదు. మళ్లీ పెండ్లి చేసుకోలేదు. నా దగ్గర ఫొటో లేదు. పెండ్లిలో ఒక ఫొటోగ్రాఫరు పెండ్లికూతురిని ఒక్కదాన్నే కుర్చీలో కూర్చోబెట్టి ఒకటి తీసినాడు. అది వాళ్లింట్లో ఉండిపోయింది. నేను అడగలేదు. మొగం నాకు గుర్తుంది కదా, ఫొటో ఎందుకు అనుకున్నాను. పోయిన ఎండాకాలం తూకం దగ్గర నిలబడి ఊరికే తలుచుకున్నాను. జడ వచ్చింది. నడక వచ్చింది. మొగం రాలేదు. మళ్లీ తలుచుకుంటే మిల్లులో కాయలు చెరిగే ఆమె మొగం వచ్చి అక్కడ కూర్చుంది.

బస్సెక్కి ఒక్కడినే పోయి అడగొచ్చు. అది అడుక్కోవడం. నలుగురితో దారిన పోతాపోతా ఆగితే అది ఆగడం. ఆ తేడా నాకు ముఖ్యం.

జమ్మలమడుగులో దేవపాలు పిన్నమ్మ కరుణమ్మ ఇంట్లో మాకు అన్నం పెట్టింది. కోదండపాణి మాత్రం పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని తన బియ్యం తానే ఉడకేసుకున్నాడు. పొగకు కండ్లు నలుపుకుంటా ఉంటే కరుణమ్మ వాకిట్లో నుంచి అడిగింది.

"ఏం సామీ, మా ఇంటి గాలి కూడా అంటకుండా ముక్కు మూసుకుంటాండావా?"

"గాలి పరవాలేదమ్మా. మీ కోడి వాసనే ప్రాణం తీస్తాంది."

"అట్లయితే ఇంకొంచెం దగ్గరికి వచ్చి వాసనతో తిను. దానికి మైల లేదు."

అందరూ నగినారు. నేను చేయి కడుక్కున్నాను.

మరుసటి రోజు గండికోట. వాళ్లు ముగ్గురూ లోయ అంచున నిలబడి కింద పారే పెన్నేరును గంట సేపు చూసినారు. ఖలందర్ కోట మసీదులో నమాజు చేసుకున్నాడు. దేవపాలు బొమ్మ గీసుకున్నాడు. నేను దక్షిణం దిక్కు చూసినాను. కొండల వెనక కొండలు. వాటి వెనక ఎక్కడో ఆ ఇల్లు.

వెనక్కి వచ్చి, మరుసటి రోజు పెన్నేరు ఇసుకలో సైకిళ్లు నెట్టుకుంటా దాటినాం. ముద్దనూరు దాటినాక రోడ్డు బండి బాట కంటే హీనం. పల్లేరు ముండ్లు. మైలుకు ఒక పంచరు. ఖలందర్ చెట్టు నీడలో సైకిల్ తిరగేసి పెట్టి, ట్యూబు బయటికి లాగి, గుంతలో నీళ్లలో ముంచి బుడగలు చూసేవాడు. ఏడో పంచరు కాడ కోదండపాణి రోడ్డు మీద కూర్చుండిపోయినాడు.

"రోడ్డు బాగుంటాదన్నావు కదప్పా. ఏదీ, చూపించు. నేను నమస్కారం చేసుకుంటా."

"ముందు ఉంది" అన్నాను.

ముందు కొండ ఉంది. ఎక్కలేక దిగి నెట్టినాం. చొక్కాలు తడిసి వీపుకు అంటుకున్నాయి. సగం ఎక్కినాక ఖలందర్ తన సైకిల్ నా పక్కకు తెచ్చినాడు.

"ఈ దారిన నువ్వు ముందు వచ్చినావు కదన్నా. ఎక్కుడు ఎక్కడుందో, దిగుడు ఎక్కడుందో నీకు ముందే తెలుస్తాంది."

"వచ్చినా."

"పులివెందులలో ఎవరున్నారు?"

చెప్పకూడదనుకున్నాను. గాలి అందక చెప్పినాను. "ఒక ఫొటో ఉంది."

అతను సైకిల్ నెట్టుకుంటా ముందుకు పోయి మిగిలిన ఇద్దరితో ఏమో అన్నాడు. ఆ తరువాత రోడ్డును ఎవరూ తిట్టలేదు. అది నాకు తిట్టు కంటే కష్టమనిపించింది.

పులివెందులలో దిగేసరికి ఇంకా బారెడు పొద్దుంది. వాళ్లు సత్రం దగ్గర ఆగినారు. "పోయి రాపో. మాకేం తొందర లేదు" అన్నాడు దేవపాలు. మొగం కడుక్కుని పోయినాను.

మంగమ్మ వాకిట్లో చాట ముందర పెట్టుకుని చేత్తో తడుముకుంటా శనక్కాయలు ఒలుస్తాంది. మామ పోయినాడని విన్నాను. కొడుకు, కోడలు ఉన్నారు. నేను సైకిల్ గోడకు ఆనించినాను.

"ఎవురప్పా?"

"నేను. ప్రొద్దుటూరు వరదరాజులు."

ఆమె చేతిలోని కాయ చాటలో వేసి తల ఎత్తింది.

"కండ్లకు పొర వచ్చింది నాయనా. నీ నీడ కనిపిస్తాంది, అంతే. లోపలికి రా."

"రాను అత్తా. మీనాక్షి ఫొటో ఉండాల. అది చూసి పోతాను."

"చూసి పోతావా, ఎత్తుకపోతావా?"

"ముందు చూడనీ."

ఆమె గోడ పట్టుకుని లోపలికి పోయింది. పటాన్ని రొమ్ముకు ఆనించుకుని తెచ్చింది. నా చేతికిచ్చే ముందు కొంగుతో అంచులు తుడిచింది.

"బాగా చూసుకో. ముత్తైదువుగా పోయిన బిడ్డ. ప్రతి శుక్రవారం పసుపు కుంకుమ పెడతాండా. ఒక్క వారం తప్పలేదు."

చూసినాను. కుర్చీ ఉంది. చీర ఉంది, అంచులో బుటాలు లెక్కపెట్టొచ్చు. ఒళ్లో రెండు చేతులున్నాయి. మెడ నుంచి పైకి ఏమీ లేదు. పసుపు, ఎరుపు కలిసిన మరక. నడుమ కాగితం పొర లేచిపోయి తెల్లగా ఉంది.

"దీని అద్దం ఏమాయ?" అన్నాను.

"నేనే తీయించినా. అద్దం మీద పెడితే అద్దానికి అందుతాది గానీ బిడ్డకు యాడ అందుతాది? ఇప్పుడైతే నుదురు మీదనే పెడతా. పాతది తడిగుడ్డతో తుడిచి కొత్తది పెడతా."

"ఎన్నేండ్లయింది తీయించి?"

"తొమ్మిదేండ్లు."

తొమ్మిదేండ్ల శుక్రవారాలు. తడిగుడ్డ పెట్టి కన్నకూతురి మొగాన్ని రుద్ది రుద్ది తీసేసింది. ఒకసారి గడపలో నిలబడి నన్ను చూడనీయలేదు. రెండోసారి ఇది.  ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే ఆమె ప్రాణం అక్కడే పోవచ్చు. పోనీ అనిపించింది. దాచేది ఎందుకు, అనిపించింది.

గడప లోపల కోడలు నిలబడి ఉంది. నన్ను చూసి వద్దని తల ఊపింది. అంటే ఇంట్లో అందరికీ తెలుసు. ఈమెకే తెలీదు.

"నగుతాంది కదా?" అనింది మంగమ్మ. "నగొద్దు, కదిలిపోతాదని ఫొటో ఆయన చెప్తానే ఉన్నాడు. వింటే కదా. పక్క పన్ను ఒకటి ఎత్తుగా ఉంటాది, నగితే అది పెదవి మీదికి వస్తాది. చూసినావా?"

నేను చూస్తాండేది తెల్ల కాగితం. అయినా ఆ పన్ను వచ్చింది. పదకొండేండ్లలో నాకు ఒక్కసారి కూడా తట్టని పన్ను. అది వచ్చినాక పెదవి వచ్చింది. పెదవి ఒక పక్కకే పోయేది. అంతవరకే. ముక్కు రాలేదు, కండ్లు రాలేదు.

నోరు మూసుకున్నాను. జాలిపడి కాదు. నిజం తెలిస్తే ఆమె ఏడుస్తాది. ఏడిస్తే చెప్పడం ఆపేస్తాది.

"చూసినా. ఇంకా చెప్పు" అన్నాను.

"నీ చేతిలోనే ఉంది కదా, నన్నడుగుతావేంది?"

"నా కండ్లు కూడా అంత బాగలేవు. చెప్పు."

ఆమె అరుగు మీద కూర్చుంది. నేను కింది మెట్టు మీద కూర్చున్నాను. ముక్కు చెప్పింది. కనుబొమ్మలు చెప్పింది, రెండూ కలవవు, నడుమ వేలెడు సందు. నుదుటి మీద చిన్నప్పుడు రోకలి తగిలిన గీత. అది నాకు తెలుసు, పౌడరు పూసి కప్పుకునేది. కండ్లు ఎట్లుంటాయి అని అడిగితే, "మా అమ్మ కండ్లు" అనింది. మంగమ్మ వాళ్లమ్మను నేను చూడలేదు. ఆ ఒక్కటీ రాలేదు. మూడుసార్లు అడిగినాను. మూడుసార్లూ అదే చెప్పింది.

ఆ ఆషాఢంలో చేసిన పనికి నేను ఆమెను మన్నించలేదు. ఆమె అడగలేదు కూడా.

"చెవి కింద పుట్టుమచ్చ" అనింది. "ఎడమ చెవి కింద."

"కుడి."

"ఎడమ నాయనా. కన్నదాన్ని నేను, నూనె అంటినదాన్ని నేను."

"కుడి చెవి కింద ఉండేది అత్తా. కమ్మ తీస్తే కనిపించేది. రోజూ రాత్రి తీసి గూట్లో పెట్టేది. నేను చూసినా."

"ఫొటోలో చూడు. యా పక్కనుందో అదే చెప్తాది."

నేను కిందికి చూసినాను. పొద్దు గుంకుతాంది. కోడలు దీపం తెచ్చి అరుగు మీద పెట్టి, మాట్లాడకుండా లోపలికి పోయింది.

"కుడి పక్కనే" అన్నాను.

ఆమె ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు.