ఉప్పు వంతు

కాస్త ఆగండి. ఎక్కడికో పోతున్నట్టున్నారు, పోదురుగాని, ముందు ఇది వినండి. నకిరేకల్ దాటాక హైవే పక్కన ఒక రేకుల షెడ్డు. మధ్యాహ్నం. బయట ఎండ, లోపల ఎండ కంటే ఎక్కువ ఉక్క. అండాలు అనే ఆమె చేతులు రెండూ మోచేతుల దాకా ఉప్పునీళ్ల డ్రమ్ములో ఉన్నాయి, ఆ చేతులు తనవేనని ఆమె కళ్లకి తెలుసు గానీ చేతులకి తెలియడం లేదు. ఉప్పూ వెనిగరూ కలిసిన నీళ్లు మొదట మండుతాయి, తర్వాత కుడతాయి, ఆ తర్వాత ఏమీ చెయ్యవు. ఆ ఏమీ చెయ్యని దశకి వచ్చాకే పని చురుగ్గా సాగుతుంది.

డ్రమ్ములో ఉన్నవి దోసకాయలు. చిటికెన వేలంతవి, అంతకంటే పెరిగితే పనికిరావు. కంపెనీవాళ్లు గెర్కిన్లంటారు, ఆడవాళ్లు బుడ్డదోసలంటారు. చుట్టుపక్కల ఊళ్లలో బోర్ల కింద పండిస్తారు, ఒక్కరూ తినరు. తొడిమ తీసి, సైజులు ఏరి, ఉప్పులో ఊరేసి డ్రమ్ములకెత్తితే లారీలో మద్రాసు పోతాయి, అక్కణ్నుంచి ఓడలో ఏదో చలి దేశం. అక్కడివాళ్లు రొట్టెల మధ్య పెట్టుకుని తింటారట. ఒకసారి అమృతమ్మ ఒకటి కొరికి, తూ అని ఉమ్మేసి, "నీ యవ్వ, గీ పులుపు కోసమా మన చేతులు గిట్ల నానవెట్టుకుంటున్నం!" అంటే టేబులంతా పడీపడీ నవ్వింది.

టేబుల్ అంటే నలుగురు. ఆ షెడ్డులో పని మనిషికి కాదు, టేబుల్‌కి అప్పజెప్తారు. ఈ టేబుల్ మీద అండాలు, నోరు ఆగని అమృతమ్మ, కొత్తగా పెళ్లయిన ఖమర్, వీళ్లందరికంటే పెద్దది, అమృతమ్మ బూబమ్మ అని పిలిచే జన్నత్ బీ. పత్తి ఏరితే ఇరవై రూపాయలొచ్చే రోజుల్లో ఇక్కడ ముప్పై ఇస్తారు, నీడపట్టున పని, అందుకే గేటు బయట పొద్దున్నే ఇంకా కొంతమంది ఆడవాళ్లు ఎవరైనా పనికి రాకుంటే తమని పిలుస్తారేమోనని నిలబడి చూస్తుంటారు.

నలుగురిలో ఒకరు డ్రమ్ము దగ్గర, ముగ్గురు టేబుల్ దగ్గర. డ్రమ్ము దగ్గర నిలబడటాన్ని ఉప్పు వంతు అంటారు. వంతు రోజూ మారుతుంది. ఎవరి చెయ్యి పగిలితే వాళ్ల వంతు మిగతావాళ్లు పంచుకుంటారు, అది ఎవరూ చెప్పిన రూలు కాదు, ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు నీళ్లు మోసినట్టు జరిగిపోతుంది. వానాకాలంలో జన్నత్ బీ వేళ్ల సందులు చీలి రక్తం కారింది. అప్పట్నుంచి ఆమెని డ్రమ్ము దగ్గరికి రానివ్వలేదు. ఆమె కూర్చుని తొడిమలు తీస్తుంది, నెమ్మదిగా. భర్త నూరుద్దీన్ ఒకప్పుడు ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాడు. ఇంటింటికీ స్టీలు గిన్నెలొచ్చాక కొలిమి ఆరిపోయింది, పొగ మాత్రం ఆయన ఛాతీలో మిగిలింది. ఇంటి కిరాయి, ఆయన మందులు, పొయ్యి మీదికి బియ్యం, అన్నీ జన్నత్ బీ తొడిమలు తీసే ఆ రెండు వేళ్ల మీదే.

అలాంటి టేబుల్ ఇవాళ సాయంత్రం హూటర్ మోగేలోపు ఒక పేరు చెప్పాలి.

ఎందుకంటే, కొత్త మేనేజర్ రఘుపతి వచ్చాడు. హైదరాబాద్‌లో మేనేజ్‌మెంట్ చదివాడు. చెడ్డవాడని అనుకోకండి, అలా అనుకుంటే కథ సులువైపోతుంది. పాత మేనేజర్ ఆడవాళ్లని ఏయ్, ఒసేయ్ అనేవాడు, ఇతను అమ్మా అంటాడు. వచ్చిన వారంలోనే తాగే నీళ్లకి ఫిల్టర్ పెట్టించాడు. యంత్రాల కంటే మనుషులు ముఖ్యమని, కంపెనీ అంటే మనుషులల్లుకున్న కుటుంబమని గోడకి రాయించాడు. చదవగలిగినవాళ్లు చదివి మిగతావాళ్లకి చెప్పారు. అమృతమ్మ మాత్రం, "కుటుంబం అంటుండు, గట్లయితే ఆస్తిల పాలు అడుగుదామే!" అంది.

పోయిన శనివారం రఘుపతి పని ఆపించి అందర్నీ వాకిట్లో గుండ్రంగా నిలబెట్టాడు. చేతిలో పసుపుపచ్చ ఉన్ని దారం ఉండ. "మీలో మీరు ఎవరికి ఎక్కువ సాయం చేస్తారో వాళ్లకి విసరండి, దారం కొస వదలకండి" అన్నాడు. ఆడవాళ్లు సిగ్గుపడ్డారు, నవ్వారు, తర్వాత ఆటలో పడ్డారు. అండాలు జన్నత్ బీకి విసిరింది. జన్నత్ బీ ఖమర్‌కి విసిరింది, ఖమర్ తిప్పి ఆమెకే విసిరింది. ఆమె అమృతమ్మకి విసిరితే అమృతమ్మ కూడా మళ్లీ ఆమెకే. చివరికి జన్నత్ బీ ఒళ్లంతా పసుపు దారం చుట్టుకుని, "అరే, నన్నేమన్న సాలెపురుగు అనుకున్నరా!" అని నవ్వుతూ నిలబడింది.

ఇక్కడే ఆ టేబుల్ ఒక తప్పు చేసింది. తప్పంటే, పక్క టేబుళ్ల ముందు తమ పెద్దదాన్ని ఎంత బాగా చూసుకుంటారో చూపించుకోవాలనిపించింది. అమృతమ్మ గొంతెత్తి, "మా బూబమ్మ వానాకాలం సంది డ్రమ్ముల చెయ్యి వెట్టలే సారూ! మేం వెట్టనిస్తమా? ఆమె వంతు మేమే జేస్తం!" అని గొప్పగా చెప్పింది. అండాలు కూడా తలూపింది, ఖమర్ చప్పట్లు కొట్టింది. రఘుపతి కళ్లు మెరిశాయి. "చూశారా, ఇదీ టీమ్ అంటే" అన్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు.

ఇవాళ పొద్దున అదే రఘుపతి ఒక ఖాళీ పెట్టె మీద నిలబడి, గొంతు సవరించుకుని చెప్పాడు. సరుకు కొనే దేశంవాళ్లు ధర తగ్గించారు. ఇంకో దేశంలో ఇంతకంటే చవగ్గా దొరుకుతున్నాయట. ఇకనుంచి టేబుల్‌కి ముగ్గురే.

"ఎవరు ఆగిపోవాలో నేను చెప్పను. పై నుంచి పేర్లు చదవడం పాత పద్ధతి. మీ టీమ్ సంగతి మీకంటే ఎవరికీ తెలియదు. మీరే మాట్లాడుకుని, హూటర్ లోపు టేబుల్‌కి ఒకరొచ్చి చెప్పండి."

"చెప్పకపోతే, సారు?" వెనకనుంచి ఎవరో అడిగారు.

"చెప్పని టేబుల్ టీమ్‌గా పనిచెయ్యడం లేదని అర్థం, అమ్మా. ఆ టేబులే ఉండదు."

మధ్యాహ్నానికల్లా షెడ్డు మారిపోయింది. గోడ పక్క టేబుల్‌వాళ్లు చీటీలేసుకున్నారు, చీటీ వచ్చినామె ముఖం కడుక్కోవడానికని వెళ్లి ఇంకా రాలేదు. కిటికీ దగ్గర టేబుల్ మీద తోటికోడళ్లిద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కాయలేరుతున్నారు. ఎవరూ అరవడం లేదు. ఎవరూ కంపెనీని తిట్టడం లేదు. తిట్టాలంటే ఎదురుగా ఒక మనిషుండాలి, ఇక్కడ ఎదురుగా ఉన్నది పక్కింటామే.

అండాలు టేబుల్ కూడా అన్నాలకి కూర్చుంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. ముందు జన్నత్ బీయే మాట్లాడింది.

"ఇండ్ల ఆలోచన ఏముంది బిడ్డా. నా పేరు చెప్పుండ్రి. నేను ఏమన్న అనుకుంటనా?"

"ఖాలా, గట్ల అనకు" అంది ఖమర్.

"చీటీలేద్దామే, మనం గూడ" అంది అమృతమ్మ.

"చీటీల ఖమర్ పేరొస్తే? దీని అత్త కాళ్లావేళ్లా వడి పనికి తోలుకొచ్చింది నేను. మల్ల పొయి అర్రలనే కూసోవాల్నా ఇది?" అంది జన్నత్ బీ.

"నా పేరొస్తే ఏంజేస్తవ్ మరి?"

"నీకేందే, నోటితోనే బతుకుతవ్. రేడియోల వెట్టుకుంటరు నిన్ను."

అమృతమ్మ నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. చేతిలో రొట్టె ముక్క గిన్నెలో పెట్టేసింది. "నా నోరు వడిపోను. నేనే గదా అన్నది, బూబమ్మ చెయ్యి వెట్టలే అని. అందరి ముంగట మొత్తుకున్న."

"నువ్వు అబద్ధం చెప్పలే గదా" అంది జన్నత్ బీ. అంతకంటే ఓదార్పు ఆమెకి కూడా దొరకలేదు.

అండాలు ఒక లెక్కలో ఉంది. జన్నత్ బీ పోతే, ఆమె వంతు ఎలాగూ తమదే కాబట్టి ఉప్పు వంతు ఇప్పటిలాగే ఉంటుంది, ఏమీ మారదు. ఏమీ మారదు అనే మాట మనసులోకి రాగానే ఇది తన ఆలోచనేనా అనిపించింది. అది కూడా ఎంతోసేపు లేదు. రొట్టె తింటూనే ఉంది.

"నువ్వే పో అండాలు" అంది అమృతమ్మ. "నాకు ఆ సారు ముంగట నిలవడాలంటే నోరు రాదియ్యాల."

రఘుపతి గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. అతను లేచి కుర్చీ చూపించాడు. "కూర్చోండి, అండాలు గారూ." ఆమెని గారు అన్నవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు. ఆమె కూర్చోలేదు, చీర తడిగా ఉంది.

"మీ టేబుల్‌ది కష్టం కాదనుకున్నాను" అన్నాడు. "ఆ రోజు దారం ఆటలో మీరే చూపించారు కదా."

"గదెట్ల సారు? ఎవలకు సాయం జేస్తరని అడిగిండ్రు మీరు. చెప్పినం. ఎవల్ని తీసేయాలె అని అడగలే."

"రెండూ ఒకటే సమాచారం కదమ్మా." అతను మెల్లగానే అన్నాడు. వెక్కిరింపు లేదు.

అండాలుకి ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కోపం వస్తుందేమోనని చూసింది. రాలేదు.

"మీరే చెప్పుండ్రి సారు ఆ పేరు. మేనేజరు గదా మీరు. మీరు తీసేసిండ్రంటే మేం ఏడ్సుకుంటనో తిట్టుకుంటనో ఇంటికి పోతం."

"నేను చెప్తే అది మీ మీద రుద్దినట్టవుతుంది."

"మరి మేం నలుగురం ఉండాలని చెప్తే?"

రఘుపతి గ్లాసులో నీళ్లు పోసుకున్నాడు. తాగలేదు. కిటికీలోంచి లారీకెత్తుతున్న డ్రమ్ములు కనిపిస్తున్నాయి.

"మమ్మల్నీ ఇలాగే అడిగారమ్మా," అన్నాడు. "పోయిన నెల. హైదరాబాద్‌లో ఒక టేబుల్ చుట్టూ కూర్చోబెట్టారు మేనేజర్లందర్నీ. ఒకరు ఎక్కువున్నాం, మీరే తేల్చుకోండి అన్నారు. నా పక్కనున్నతను నాతో చదువుకున్నవాడు, నా పెళ్లికి వచ్చాడు. నేను చెప్పాను. చెప్పాక ఏమీ కాదు. రెండ్రోజులు అన్నం సయించదు, అంతే."

అతను ఆమెని ఓదారుస్తున్నాననే అనుకుంటున్నాడు. అండాలు అతని ముఖం చూసింది. గుండ్రటి ముఖం, నున్నగా గీసిన గడ్డం, కింద పెదవి మీద చిన్న పొక్కు. ఇంట్లో పిల్లలున్నారో లేదో. ఏమీ కానట్టే ఉన్నాడు. ఆ ఏమీ కానట్టుండటం చూసే ఆమెకి భయమేసింది, ఆ రోజు మొత్తంలో మొదటిసారి.

"నేను చెప్ప సారు."

"అంటే?"

"చెప్ప. బూబమ్మ పేరు చెప్ప, ఎవల పేరూ చెప్ప. నా నోటి నుంచి రాదు."

అతను గడియారం చూశాడు. కోప్పడలేదు. "సరే. మీరు కాకపోతే మీ టేబుల్ నుంచి ఇంకెవరైనా రావచ్చు. హూటర్ దాకా తలుపు తీసే ఉంటుంది."

ఆమె తిరిగొచ్చేసరికి ముగ్గురూ పని ఆపి చూస్తున్నారు. టేబుల్ మీద కాయలు కుప్పగా ఉన్నాయి. ఈ పూట ఉప్పులో పడకపోతే తెల్లారేసరికి మెత్తబడిపోతాయి.

"ఏమన్నవే?" అంది అమృతమ్మ.

"చెప్ప అన్న." అండాలు స్టూలు మీద కూర్చుంది.

"చెప్పకుంటే నలుగురం పోతం గదనే!"

"ఎర్కనే."

ఖమర్ ముఖం పాలిపోయింది. అత్తకి ఏం చెప్పాలో అనుకుంటోందని చూస్తేనే తెలుస్తోంది. అమృతమ్మకి ఇద్దరు పిల్లలు, మొగుడు బొంబాయిలో, ఎప్పుడో గానీ డబ్బు పంపడు. ఆమె అండాలుని తిట్టడానికి నోరు తెరిచింది, తిట్టలేదు. మంచి పని చేశావనీ అనలేదు. అండాలు కాదన్న ఆ మాట బరువు ఇప్పుడు ముగ్గురి మీదా పడింది, దాన్ని ఎలా మొయ్యాలో వాళ్లని ఎవరూ అడగలేదు.

అప్పుడు జన్నత్ బీ ఒళ్లో తొడిమలు దులుపుకుంది. మోకాళ్ల మీద చేతులానించి లేచింది.

"యా అల్లా, గింత ముచ్చటకు గింత రంది వడుడా! నేనే పొయి చెప్పొస్త. నా పేరు నేను చెప్పుకుంటే ఎవలకు పాపం లేదు."

ఎవరూ వద్దనలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణం టేబుల్ చుట్టూ ముగ్గురి గుండెల్లోనూ ఒకటే మెదిలింది, అమ్మయ్య అని. అండాలుకి కూడా. పేరు నోటితో చెప్పను అన్న మనిషికి, ఆ పేరు తన కాళ్ల మీద తనే నడిచిపోతుంటే కూర్చుని చూడటం కూడా చెప్పడమే అవుతుందా అని అప్పుడే తట్టింది. లేవాలి. లేస్తే నలుగురికీ పనిపోతుంది. ఖమర్ తల వంచుకుంది, అమృతమ్మ గోడవైపు తిరిగింది.

జన్నత్ బీ పాత నీలం చీర కొంగు భుజం మీంచి జారి వేలాడుతోంది. ఆమె టేబుల్ పక్కగా, తొందరేమీ లేనట్టు, గదివైపు పోతోంది. ఆ టేబుల్ దగ్గర ఇంకో స్టూలుంది, దాని మీద మీరు కూర్చున్నారనుకోండి. కొంగు మీ చేతికందేంత దగ్గరగా వచ్చింది. పట్టుకుంటారా, పోనిస్తారా?