లైను బాగానే ఉంది

అతని మీసం సంగతి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కథలో కొంత తప్పు ఆ మీసానిది. పై పెదవిని పూర్తిగా కప్పేసి, కింది పెదవి మీదికి కూడా చూరులా వంగి ఉండేది. ఇంటర్నెట్ కంపెనీలో ఇంటింటికీ తిరిగి లైన్లు బిగించే పని అతనిది. ఆఫీసులో అందరూ "మీసాలు" అనే పిలిచేవారు. కస్టమర్లు కూడా ఫోన్ చేసి, "ఆ మీసాలాయన్నే పంపండి, పని శుభ్రంగా చేస్తాడు" అని అడిగేవారు. ఆ మాట తన చెవిన పడ్డప్పుడల్లా అతను మీసం మీద చెయ్యి వేసుకునేవాడు. వేసుకోవడంలో తప్పులేదు, పనిమంతుడే.

ఆ మీసంతో ఇబ్బంది పడేది ఒక్క అత్తగారే. ఆవిడకు ముప్పయ్యో ఏట జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. అప్పటినుంచి ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. గది అవతల నిలబడి గొణుక్కున్నా దొరికిపోవాల్సిందే. అల్లుడి మాట మాత్రం ఆవిడకు అందేది కాదు. "మీ ఆయన మాట్లాడుతుంటే పొద కదులుతుందే గానీ పిట్ట కనపడదు" అనేది కూతురితో. అతను చెప్పిందాన్ని భార్య మళ్ళీ చెప్పాలి. అత్తా అల్లుడూ ఒకే ఇంట్లో ఉంటూ తొమ్మిదేళ్ళలో నేరుగా మాట్లాడుకున్నది లేదు. అతనికి అందులో పెద్ద లోటేమీ కనిపించలేదు. అత్తగారితో మాట్లాడే పని తప్పితే ఏ అల్లుడు బాధపడతాడు?

ఆవిడకు వేరే ఊళ్ళో ఒక చెల్లెలు ఉంది. రోజూ పొద్దున పదకొండు గంటలకు అక్కాచెల్లెళ్ళకు వీడియో కాల్. అక్కకు ఎలాగూ వినపడదు కదా అని చెల్లెలు గొంతు వాడడం ఎప్పుడో మానేసింది. ఉత్తి పెదాలు కదుపుతుంది. కోడలి మీద చాడీలు, కోడలు పక్కనే కూర్చుని ఉండగా చెప్పగల మనిషి. ఇవతల అక్క కుట్టుమిషన్‌కు ఫోన్ ఆనించుకుని, పాత బట్టలకు అతుకులు వేస్తూ విరగబడి నవ్వుతుంది. జవాబులు మాత్రం పైకే చెబుతుంది. "అమ్మ దొంగా!" "అంత మాటన్నాడూ?" ఈ రెండు ముక్కల్ని పట్టుకుని మిగతా కథ ఇంట్లోవాళ్ళు అల్లుకోవాలి. ఏ పూట ఏ పని ఆగినా ఆ గంట ఆగేది కాదు. అది పోతే ఆవిడకు ఇక రోజులో మిగిలేది మిషనూ దారమూ.

ఇలా ఉండగా కంపెనీ ఒక డబ్బా తెచ్చింది. అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా. టీవీ వెనక తగిలిస్తే సినిమాలూ ఆటలూ పాటలూ, ఏవి కావాలంటే అవి, కుళాయి తిప్పినట్టు వచ్చేస్తాయి. బిగించడం పావుగంట పని. చివర్లో టెక్నీషియన్ తన ఫోన్‌లో ఒక గడిలో టిక్కు పెట్టాలి. 'డబ్బాకు మొదటి దారి' అని దాని పేరు. ఆ టిక్కు పెడితే డబ్బాలో బొమ్మ ఆగదని ట్రైనింగ్‌లో చెప్పారు. అది ఆగకుండా ఉండడానికి ఇంకేది ఆగాలో వాళ్ళు చెప్పలేదు, అతను అడగలేదు. ఆరు నెలల్లో నూట డెబ్బై ఇళ్ళలో బిగించి పారేశాడు. అందరికంటే ఎక్కువ బిగించినందుకు అతని ఇంటికి ఒక డబ్బా బహుమతిగా ఇచ్చారు.

దానితో మామగారి దశ తిరిగింది. పొద్దున పది కొట్టేసరికి టీవీ ముందు చేరితే ఒంటిగంట దాకా పాత సినిమాలే. సౌండు ఇల్లదిరిపోయేలా పెట్టుకునేవారు. అలా పెట్టుకుని కూడా పెళ్ళాం చేత చీవాట్లు తినని అదృష్టవంతుడు ఆ వీధి మొత్తం మీద ఆయనొక్కరే.

డబ్బా వచ్చిన వారానికి అత్తగారు కళ్ళద్దాలు తుడుచుకోవడం ఎక్కువైంది. తర్వాత ఫోన్ తుడవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత కూతుర్ని పిలిచి చెప్పింది.

"పిన్ని మాట అందట్లేదే. నోటి దగ్గర మసకేస్తోంది. రెండు మాటలు పట్టుకుంటే నాలుగు జారిపోతున్నాయి."

భార్య భర్తను అడిగింది. "లైన్‌లో ఏమన్నా తేడా ఉందేమో చూడు."

లైను వేగం కొలవడానికి కంపెనీ ఇచ్చిన పరీక్ష నడిపాడు అతను. ఫోన్‌లో ముల్లు సర్రున లేచి పచ్చరంగులో నిలబడింది. "లైను బాగానే ఉంది" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ అడిగింది. మళ్ళీ ముల్లు, మళ్ళీ పచ్చరంగు. మూడోసారి అడిగేసరికి అతనికి ఒళ్ళు మండింది. ఊరందరి లైన్లూ చూసేవాడికి తన ఇంటి లైను చూసుకోవడం రాదా?

"లైన్‌లో తేడా ఉంటే ఈ మీసం తీసేస్తా, సరేనా?" అన్నాడు.

మీసం దాకా వచ్చాక ఇంక భార్య ఏమంటుంది? తల్లిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ డాక్టరు లైట్లు వేసి, అక్షరాలు చదివించి, చివరికి నవ్వి, "సూదిలో దారం ఎక్కించే కళ్ళమ్మా ఇవి, వీటికేం?" అని పంపేశాడు. మరొకరైతే సంతోషించేవారు. ఆవిడ ఇంటికి వచ్చాక మంచం మీద కూర్చుని, "కళ్ళది కాదంటే బుర్రదేగా" అంది.

"ఊరుకో అమ్మా. నా మాటలన్నీ అందుతున్నాయి కదా?"

"ఎదురుగా ఉంటావు కాబట్టి అందుతున్నాయి. ఇవాళ పిన్నిది పోయింది. రేపు నీదీ పోతుంది. అప్పుడు నాకెవరు?"

ఆ మాట గుమ్మంలో నిలబడ్డ అల్లుడు కూడా విన్నాడు. వయసు మీద పడుతుంటే ఎవరేం చేస్తారులే అనుకుని చెప్పులు వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆవిడ చెల్లెలితో, పనులు ఎక్కువగా ఉన్నాయి, ఇక రోజూ చెయ్యొద్దని చెప్పింది. చెల్లెలు అలిగింది. ఆ తర్వాత పదకొండు గంటలప్పుడు ఫోన్ బోర్లా పడి ఉండేది. మిషన్ నడుస్తూ ఉండేది. కొన్నిసార్లు సూది కింద గుడ్డ కూడా ఉండేది కాదు.

మూడు వారాలు గడిచాయి. ఒక కస్టమర్ ఇంట్లో డబ్బా పాడైంది, స్టోర్‌లో కొత్తవి లేవు. "నీ ఇంట్లోది రెండు రోజులు వాళ్ళకిచ్చెయ్" అన్నాడు సూపర్‌వైజర్. అతను తెచ్చి ఇచ్చాడు. మామగారు బొమ్మ లాక్కున్న పిల్లాడిలా మూతి ముడుచుకుని కూర్చున్నారు.

మూడోనాడు కొత్త డబ్బా పట్టుకుని ఇంటికొస్తుంటే మెట్ల మీదే వినిపించింది. "అమ్మ దొంగా!" ఆ వెనకే గలగల నవ్వు. చెల్లెలు అలక పట్టలేక నిన్ననే తనంతట తాను ఫోన్ చేసిందట. అత్తగారి ముఖం కడిగినట్టుంది. పోనీలే, తగ్గినట్టుంది అనుకుంటూ అతను టీవీ వెనక్కి దూరి డబ్బా తగిలించాడు, టిక్కు పెట్టాడు. మామగారు రిమోట్ అందుకున్నారు. సినిమా మొదలైంది.

పక్క గదిలో నవ్వు ఆగిపోయింది.

అతను తొంగి చూశాడు. ఆవిడ ఫోన్ ఒకసారి దగ్గరికి, ఒకసారి దూరానికి పట్టుకుంది. గుడ్డముక్కతో తుడిచింది. తర్వాత నెమ్మదిగా మిషన్ మీద పెట్టేసి కూతురి వైపు తిరిగింది.

"నిన్నా ఇవాళా తిరిగొచ్చిందనుకున్నానే. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ కదా!" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కూతురు వెనకాలే వెళ్ళింది.

కాల్ ఇంకా నడుస్తోంది. అతను ఆ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఇన్నాళ్ళూ ముల్లును చూశాడు గానీ తెరను చూడలేదు. చిన్నత్తగారి ముఖం ఉంది, జుట్టుంది, వెనక కిటికీ ఉంది. ఎవరు చూసినా బాగానే ఉందంటారు. నోరుండాల్సిన చోట మాత్రం నీళ్ళు పడ్డ సిరాలా ఒక మరక కదులుతోంది. అతను వెళ్ళి డబ్బా వైరు లాగేశాడు. మామగారు "అయ్యో" అన్నారు. పది అంకెలు లెక్కపెట్టేలోపు మరకకు అంచులొచ్చాయి, అంచులు పెదాలయ్యాయి. మళ్ళీ తగిలించాడు. మళ్ళీ మరక. అప్పుడు పరీక్ష నడిపితే ముల్లు సర్రున లేచి పచ్చరంగులో నిలబడింది. పరీక్ష వెళ్ళేది కంపెనీ భవనంలోని కంపెనీ మిషన్ దగ్గరికే. అదీ మొదటి దారిలోనే పోతుంది. దొంగ రాయి పెట్టి తూచి, తూకం సరిపోయిందని మూడుసార్లు చెప్పాడు తను. చేతకాక చేసిన తప్పయినా బాగుండేది. ఇది చేతనై చేసింది.

భార్యను పిలిచి చెప్పబోయి ఆగిపోయాడు. ఇంకొకరి నోటితో చెప్పించే మాట కాదది. టిక్కు తీసేసి నేరుగా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి, డబ్బా కోసం మిగతావన్నీ నెమ్మది చేస్తున్నామా అని అడిగాడు.

"నెమ్మది చెయ్యలేదయ్యా మనం," అన్నాడు సూపర్‌వైజర్. "మనదాన్ని ముందు పంపించాం, అంతే."

"ఒక్క బండి పట్టే సందు సార్ అది. మనది ముందు పోతే వెనకది ఆగాల్సిందేగా."

"సందు ఎవరు వేశారు? మనమే. మీ అత్తగారిని మన కంపెనీ వీడియో కాల్ వాడమను. అదీ మొదటి దారే. అద్దంలా కనిపిస్తుంది."

"చెల్లెలి ఊళ్ళో వేరే కంపెనీ లైను సార్."

"మార్చుకోమను. మనక్కావలసింది అదే కదా!" అని నవ్వాడు.

అతను నవ్వలేదు. "రేపు వాళ్ళ కంపెనీ కూడా ఇలాంటి డబ్బా పెడితే? అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోవాలంటే ముందు రెండు కంపెనీలూ వియ్యమందాలన్నమాట. సందు మనమే వేశాం, నిజమే. వాడుకుంటున్నందుకు వాళ్ళు కడుతూనే ఉన్నారుగా. అందులో ఎవరి మాట ముందు వెళ్ళాలో కూడా మనమే చెబితే ఎలా సార్?"

సూపర్‌వైజర్ ముఖంలో నవ్వు పోయింది. "కస్టమర్ అడిగితే టిక్కు తీసెయ్, రూల్‌లో ఉంది. అడక్కుండా తీశావో, నీ ఉద్యోగానికి నాది పూచీ కాదు."

"అలాంటిదొకటి ఉందని తెలిస్తే కదా సార్ అడుగుతారు?"

"అడగనివాళ్ళకి చెప్పమని నీకెవరూ చెప్పలేదు."

వద్దనీ ఎవరూ చెప్పలేదని అతను దారిలో అనుకున్నాడు.

మర్నాడు పొద్దున స్నానాల గదిలోంచి అతను బయటికి రాగానే భార్య చేతిలో గ్లాసు జారింది. మామగారు రిమోట్‌తో సౌండు తగ్గించారు, అదీ జీవితంలో మొదటిసారి. అతని పై పెదవి తెల్లగా, చిన్నపిల్లాడిదిలా ఉంది. మిషన్ దగ్గరికి స్టూలు లాక్కుని అత్తగారి ఎదురుగా కూర్చున్నాడు. మీసం చాటున మాట్లాడడం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది.

"అత్తయ్యా," అన్నాడు నిదానంగా. "మీ కళ్ళు బాగున్నాయి. బుర్ర బాగుంది. తప్పు లైన్‌లో ఉంది. అది పెట్టింది నేనే. మూడుసార్లు అడిగినా బాగానే ఉందని చెప్పింది కూడా నేనే. నన్ను క్షమించండి."

ఆవిడ అతని పెదాలకేసి చూస్తూనే ఉంది. చూస్తూ చూస్తూ ఉండగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంకోసారి చెప్పండి అల్లుడుగారూ," అంది. అందక కాదని అతనికి తెలుస్తూనే ఉంది. మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. టిక్కు గురించి, మొదటి దారి గురించి కూడా చెప్పాడు. ఇప్పుడది తీసేశానని, మామగారి సినిమా అప్పుడప్పుడు ఒక క్షణం ఆగుతుందని కూడా.

"ఆగితే ఆగనీ," అన్నారు మామగారు వెనకనుంచి. "నేను మాత్రం ఆగకుండా నడుస్తున్నానా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. కోప్పడుతుందేమోనని అతను తల వంచుకోబోతే గడ్డం పట్టుకుని పైకెత్తింది. తల వంచితే ఆవిడకు జవాబు కనపడదు మరి.

"ఎన్ని ఇళ్ళల్లో పెట్టారిది?"

"రెండువందల పన్నెండు."

ఆవిడ మిషన్ చక్రం మీద చెయ్యి వేసి, తిప్పకుండా, అలాగే ఉంచింది.

"ఆ ఇళ్ళల్లో ఎంతమంది తప్పు తమదే అనుకుంటున్నారో!" అంది.

పదకొండు గంటలకు ఆ ఇంట్లో "అమ్మ దొంగా!" అని వినిపించే వేళకు అతను డబ్బాలు బిగించిన ఇళ్ళ జాబితాలో మొదటి ఇంటి గుమ్మంలో ఉన్నాడు. తలుపు తీసిన ఇల్లాలు అతని భుజం మీదుగా వీధిలోకి చూసింది.

"మీసాలాయన రాలేదా?"

"నేనేనండీ. ఏడెనిమిది నెలల క్రితం డబ్బా బిగించానే. ఎలా ఉందో అడుగుదామని వచ్చాను."

"ఓ, మీరా! లైను బాగానే ఉందండీ. టీవీ ఒక్కసారి కూడా ఆగలేదు." ఆవిడ మూసి ఉన్న గది తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "మావారికే బాగోలేదు. ఇరవై ఏళ్ళ నుంచి పంతులే, ఇప్పుడు ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతారు. ఈమధ్య మాట తడబడుతోందట, మధ్యలో సగం మింగేస్తున్నారట. వినేవాళ్ళు ఒక్కొక్కరే మానేస్తున్నారు. నాతో మాట్లాడేటప్పుడు బాగానే ఉంటారు పాపం. డాక్టర్ల చుట్టూ తిప్పుతున్నాను."

అతని చెయ్యి అలవాటుగా పై పెదవి మీదికి వెళ్ళింది. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు.

"ఆయన్ని ఒకసారి పిలవండమ్మా," అన్నాడు. "ఆయనకి నేనొక మాట చెప్పాలి."