ఇంకా పద్నాలుగు పేర్లు

ఆగండాగండి, వెళ్ళిపోకండి, ఇది విన్నాక వెళ్ళండి! ఓడ ఐదింటికి కదిలిపోతుంది. నాలుగున్నరకల్లా ఎక్కకపోతే గేటు మూసేస్తారు, ఎవరి కోసమూ ఆగరు. పాస్‌పోర్టులు ఓడలో, గది లాకర్‌లో ఉన్నాయి. మామ్మ ఇన్సులిన్ అదే గది ఫ్రిజ్‌లో ఉంది. మామ్మ ఎక్కడుందో మాత్రం రూబీకి తెలీదు!

ఊరు వలెట్టా. మాల్టా అనే బుల్లి దీవికి రాజధాని. ఈ చివర నుంచి ఆ చివరకి అరగంటలో నడిచెయ్యొచ్చు. ఇంత చిన్న ఊళ్ళో మనిషి ఎలా తప్పిపోతుందంటే, తప్పు రూబీదే. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సెలవులన్నీ దాచుకుని, రాజాంలో ఉండే నాయనమ్మ జ్ఞానసుందరిని వారం రోజుల ఓడ ప్రయాణానికి తీసుకొచ్చింది. పొద్దున్నించీ మామ్మది ఒకటే గోల.

"బైబిల్లో పౌలు గారి ఓడ బద్దలైపోయిన దీవి ఇదే కదేటే? ఆయన పేరున్న గుడి సూపించవే."

"ఐదు నిమిషాలు మామ్మా" అంటూనే రూబీ కోట గోడ మీద నుంచి పాత రేవుని వీడియో తీస్తూ ఉండిపోయింది. అబ్బ, ఏం రేవండీ అది! తేనె రంగు రాతి కోటలు, మధ్యలో నీలం నీళ్ళు, ముక్కుకి కళ్ళు గీసిన పడవలు. వీడియో బ్రహ్మాండంగా వచ్చింది. వెనక్కి తిరిగేసరికి బెంచీ ఖాళీ.

మామ్మ ఫోన్‌లో ఉన్నది రాజాం సిమ్ము, ఇక్కడ పలకదు. మ్యాప్‌లో వెతికితే పౌలు పేరుతో రెండు గుళ్ళు కనిపించాయి. మెట్ల వీధుల్లో పడుతూ లేస్తూ మొదటి గుడికి పరిగెత్తింది. లోపల బల్లబల్లా వెతికింది. లేదు. బయటికొస్తుంటే ధన్‌మని ఫిరంగి పేలింది. ఈ ఊళ్ళో రోజూ నాలుగింటికి పేలుస్తారట. పడిపోయిందేమో? షుగర్ తగ్గి ఎక్కడో కూలబడిందేమో?

రెండో గుడి సందు తిరగ్గానే కనిపించాయి. మెట్ల పక్కన, గోడకి ఆనించి, బుద్ధిగా పక్కపక్కన పెట్టిన గోధుమరంగు చెప్పులు. రాజాం మెయిన్ రోడ్డులో కొన్నవి. వచ్చేపోయే టూరిస్టులు వాటిని వింతగా చూస్తూ బూట్లతో లోపలికెళ్తున్నారు. చెప్పులతో గుళ్ళోకి వెళ్ళడం రాజాం బాప్టిస్టు సంఘంలో ఎవరికీ అలవాటు లేదు కదా!

లోపల మామ్మ పొందూరు ఖద్దరు చీర చెంగు నెత్తిన కప్పుకుని, చల్లటి రాతి నేల మీద మోకాళ్ళూని ఉంది. చేతిలో చిన్న నోటుబుక్కు, పెన్ను.

"మామ్మా! లే, లే! ఇక్కణ్ణించి ఓడకి ఇరవై నిమిషాలు. చెప్పకుండా వచ్చేస్తావా?"

"అరవకే గుంటా, గుళ్ళో ఉన్నాం. రెండుసార్లు సెప్పినాను. నువ్వా ఫోన్లోంచి తల ఎత్తితే కదా! పాల్, పాల్ అన్నాను, ఒక తెల్లమ్మ సెయ్యట్టుకుని తెచ్చీసింది."

"సరే, పద!"

"ఇంకా పద్నాలుగు పేర్లున్నాయి."

వాళ్ళ స్త్రీల సమాజం వాళ్ళు రాయించిన ప్రార్థన మనవులవి. మొత్తం నలభై ఒకటి. ఒక్కో పేరూ పైకి చదవాలి, వాళ్ళ కష్టం చెప్పాలి, ఆమేన్ అనాలి. టైమ్ నాలుగూ ఐదు. చేతిలో ఉన్నది ఐదు నిమిషాలు. మామ్మ వేగానికి ఆరు పేర్లయితే గొప్ప.

"నడుస్తూ చదువు మామ్మా."

"మోకాళ్ళ మీద సదువుతానని మాటిచ్చినాను."

"పోనీ సగం నేను చదువుతా."

"నువ్వెవలకి మాటిచ్చినావు?"

"ఓడ వెళ్ళిపోతుందే!"

"సూడు, పౌలు గారి ఓడ ఇక్కడ ముక్కలైపోతే రెండొందల డెబ్బై ఆరుమందీ ఒడ్డెక్కినారు. ఒక్కలు మునగలేదు. ఇప్పుడు నానెవల్ని ముంచీమంతావు?" మామ్మ నోటుబుక్కు, పెన్ను రూబీ చేతిలో పెట్టేసింది. "ఎవల పేర్లు వద్దో నువ్వే కొట్టీ. మిగిలినోళ్ళని బేగి సదివీసి లేస్తాను."

రూబీ చూసింది. కవిటి ఎజ్రా, డయాలసిస్. షీబా, ఈసారైనా కడుపు నిలవాలి. ప్రకాష్, తాగుడు మానాలి. పక్కింటి నారాయణమ్మ, మన సంఘం కాదు గానీ అడిగింది, కంటి ఆపరేషన్. ఆదాము... అలా కిందికి పోతే ఆఖరి పేరు రూబీ. పక్కన ఏ కష్టమూ రాయలేదు, ఖాళీ.

తన పేరు గబుక్కున కొట్టేసింది. ఇంకా పదమూడు. ఓడ నుంచి మెసేజ్ వచ్చింది, ఎక్కడున్నారని. మామ్మ కళ్ళు మూసుకుని, నోటుబుక్కు ఇమ్మన్నట్టు చెయ్యి చాపింది.

ఆ పెన్ను మీ చేతిలో ఉంటే, మీరైతే ఏం చేసేవారు?