ముతక మెష్ మీద కోడిపిల్లలు

చూపు పోయిన డ్రాయింగు మాస్టారికి, ఒకప్పుడు ఆయన వేసిన కోడి బొమ్మనే గుడ్డమీద అచ్చువేసి ఇవ్వమని వాళ్ళమ్మాయి అడిగింది. తల్లికోడీ, చుట్టూ పిల్లలూ. "నాన్న వేళ్ళతో తడిమి చూసుకోవాలి" అని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

ఆమె వచ్చిన స్క్రీన్ ప్రింటింగు షాపు మామాకోడళ్ళది. మామగారికి సన్నటి మెష్ అంటే, ఇంకు దించడానికి ఫ్రేముకు బిగించే వలగుడ్డ అంటే, ప్రాణం. అంగుళానికి మూడు వందల పోగులుంటే తప్ప దాన్ని గుడ్డ అనరు. కోడలు అల్మారాలోంచి ఎనభై పోగుల ముతక మెష్ తీసింది.

"దీని కన్నాలు పెద్దవి మావయ్యా, ఇంకు దండిగా దిగుతుంది. ఉబ్బే ఇంకు వేసి వేడిచేస్తే గీత పైకి లేస్తుంది."

"పిండి జల్లించుకో దాంతో! ఈకలు చూశావా, వెంట్రుకంత గీతలు. అన్నీ ముద్దయిపోతాయి."

పెద్దాయన మాట కాదనలేక కోడలు దాన్ని మళ్ళీ అల్మారాలో పెట్టేసింది. సన్నటి మెష్ మీద అచ్చు ముచ్చటగా వచ్చింది. కూతురి వెంట షాపుకొచ్చిన మాస్టారు ఆ చివరనుంచి ఈ చివరకు తడిమి, "గుడ్డ మెత్తగా ఉందండీ. బొమ్మ ఎప్పుడు వేస్తారు?" అన్నారు.

మామగారి మొహం చిన్నబోయింది. కోడలు వెంటనే ముతక మెష్ బిగించి వేసింది. కానీ ఆయనన్నట్టే ఈకలన్నీ ముద్దయ్యాయి.

"చెప్పానా?" అన్నారు మామగారు, కాస్త ప్రాణం లేచొచ్చి.

మార్చాల్సింది మెష్‌ను కాదు, బొమ్మనని కోడలికి అప్పుడు తట్టింది. మాస్టారి పక్కన కూర్చుంది.

"కొన్ని గీతలు తీసేస్తే కోప్పడతారా మాస్టారూ?"

"ఈకలు తీసెయ్యమ్మా. కోడికి ఈకలుంటాయని నాకు తెలుసులే. ముక్కు మాత్రం వదలకు. వీపు ఇలా వంగాలి" అని ఆమె అరచేతిలో వేలితో గీసి చూపించారు. ఆ వంపు మరిచిపోకుండా ఆమె అక్కడికక్కడే కాగితం మీద దించుకుంది.

రెండు రోజుల తర్వాత కొత్త గుడ్డమీద మాస్టారి వేళ్ళు పరిగెత్తాయి. "ఇదిగో ముక్కు! ఇవి పిల్లలు... నాలుగు, అయిదు, ఆరు." వేలు ఓ మూల ఆగింది. "నేను ఆరే వేశానే. ఈ ఏడోదెవరు?"

"నా చెయ్యి జారి పడిన ఇంకు చుక్కండీ" అని మామగారు నసిగారు. "వేరేది వేసిస్తాను."

"వద్దొద్దు. ఇంకా గుడ్డులోనే ఉన్నట్టుంది, పొదగనివ్వండి!"

మామగారు కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు. మాస్టారు పిల్లి బొమ్మ కూడా కావాలని చెప్పి వెళ్ళగానే, ఎవరూ చెప్పకుండానే ఆయన ఇంకో ఫ్రేము తీసి, "అమ్మాయ్, ఆ ముతక మెష్ ఇలా అందుకో" అన్నారు.