మాఫీ ఇచ్చే మనిషి

హజ్‌కు పోయేముందు ఇల్లిల్లూ తిరిగి "అన్నది విన్నది మాఫ్ చెయ్యండి" అని అడగడం సిరొంచ ముస్లిం ఇళ్లలో ఆనవాయితీ. మనిషికి చేసిన తప్పును ఆ మనిషే క్షమించాలి, అల్లా కూడా మధ్యలోకి రాడని పెద్దలంటారు. సైకిల్ షాపు గులాం నబీ పదిహేను రోజులుగా ఇదే పని మీదున్నాడు. పాలవాణ్ని అడిగాడు, పక్కింటివాళ్లను అడిగాడు, భార్య కనీజ్‌నూ అడిగాడు. "లిస్టు రాసుకొని రాండ్రి, అప్పుడు చూస్త" అందామె. ఇక మిగిలింది రేగుంట ఊరి సమ్మన్న. నిజంగా అడగాల్సింది అతన్నొక్కణ్నే. అందుకే నబీ చివరిదాకా వాయిదా వేశాడు.

చిక్కేమిటంటే సమ్మన్న ఇప్పుడు సమ్మన్న కాడు. భార్య భూదేవి పోయాక పొలం కొడుకుల చేతిలో పెట్టి దేశాలు పట్టిపోయి, తొమ్మిదేళ్లకు తిరిగొచ్చి పెర్మిలి దగ్గర అడవిలో గుడిసె వేసుకున్నాడు. జ్ఞానం కలిగిందట. 'నేను' అన్న మాటే ఆ నోట రాదట. పాత పేరుతో పిలిస్తే పలకడట, ఇప్పుడందరికీ స్వామే.

ఆలపల్లి మీదుగా సర్కారు ఎస్టీ బస్సు ఎగిరెగిరి పడుతూ పోయింది. ఆ దారిని రోడ్డు అన్నవాడికి దండం పెట్టాలి. కిటికీ పక్కన కూర్చున్న నబీకి దారి పొడవునా పాత రోజులే. ప్రాణహిత ఇసుకలో సమ్మన్న పెట్టిన పుచ్చతోట, బండకేసి కొట్టిన కాయ, మోచేతుల దాకా కారిన రసం. వంతెన లేని కాలంలో సినిమా కోసం పడవెక్కి అవతలి ఒడ్డుకు పోవడం. తనకు ఈత నేర్పిందీ, నేర్పే వంకతో కడుపు నిండా నీళ్లు తాగించిందీ సమ్మన్నే. అలాంటి దోస్తు మళ్లీ దొరకలేదు.

అలాంటి దోస్తునే నబీ పట్టించాడు. ఒకరోజు చాయ్ హోటల్లో, నబీ బాగుచేసిన సైకిల్ నడిరోడ్డు మీద రెండు ముక్కలైందని సమ్మన్న నలుగురిలో పగలబడి నవ్వాడు. నబీకి ఒళ్లు మండింది. ఆ సాయంత్రమే ఫారెస్టు గార్డు పంక్చర్ వేయించుకుంటూ దొంగ టేకు సంగతి ఎత్తితే, రేగుంటలో సమ్మన్న వడ్ల గుమ్మి కింద చూడమన్నాడు. అక్కడ దొరికినవి తలుపు చేయించుకుందామని దాచిన నాలుగు పలకలు. పదకొండు రోజులు లోపల పెట్టారు. సరిగ్గా నాట్ల వేళ. నారు ముదిరిపోయి ఆ ఏడు పొలం బీడుపడింది. చెప్పిందెవరో ఎవరికీ తెలియలేదు.

పెర్మిలిలో జంగు అనే ఆయన దారి చూపించాడు. "ఉన్నడు గని, ఉన్నట్టు కాదు" అన్నాడు.

గుడిసె ముందు స్వామి కూర్చుని ఉన్నాడు. గడ్డం తెల్లబడింది. మీరు అనాలో నువ్వు అనాలో నబీకి తోచలేదు. కూర్చుని, అంతా చెప్పేశాడు.

స్వామి ముఖంలో ఏ మార్పూ లేదు. "సమ్మన్న లేడు. దెబ్బ తాకినోడే లేనప్పుడు మాఫీ ఎవలియ్యాలె? నీ తప్పేం లేదు, పోయిరా" అన్నాడు మెల్లగా.

ఇంకొకరైతే సంతోషంగా లేచి వెళ్లిపోయేవారు. నబీ మాత్రం ఇంకా దగ్గరికి జరిగాడు.

"లేదంటే ఎట్ల? ఉన్నది. నువ్వు లోపలున్నప్పుడు భూదేవి వదిన నా దుకాణానికే వచ్చి ఏడ్చింది. అహేరి కోర్టు దాకా నేనే తోలుకపోయిన. దారిల చాయ్ గూడ తాపిచ్చిన. నా తమ్మునోలె ఆదుకున్నవ్ భాయ్ అన్నది. నేను తలకాయ ఊపిన. నువ్వు పోతే పోయినవ్ గని, నా తప్పు యాడికీ పోలే. ఇరవై రెండేండ్ల సంది నాతోనే ఉన్నది. జర ఆ సమ్మన్నను పిలువు స్వామీ. ఒక్కపాలి."

స్వామి కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆ కళ్లు ఎర్రగా ఉన్నాయి, దవడలు బిగుసుకున్నాయి.

"అది గట్ల ఏడుస్తుంటే గూడ చెప్పలేదారా, నబిగా?"

ఆ పిలుపు విని నబీకి ఏడుపొచ్చింది. ఎన్నాళ్లకు తిట్టేవాడు దొరికాడు.

"ఎందుకు పట్టిచ్చినవ్?"

"నలుగుర్ల నవ్వినవ్. మంట పుట్టింది."

"అంతేనా?"

"అంతే."

"నీ పాడుగాను, నవ్వినందుకా" అన్నాడు సమ్మన్న. పదకొండు రోజులూ, బీడుపడ్డ పొలమూ, భార్య ఏడుపూ, అన్నీ ఇప్పుడే జరిగినట్టు ఆ ముఖం నలిగిపోయింది. నబీ తల దించుకుని కూర్చున్నాడు. ఒక బరువైన చెయ్యి వచ్చి అతని టోపీ మీద పడింది.

"మాఫ్ చేసిన. సమ్మన్న చేసిండు. ఇగ ఆణ్ని పోనియ్యి నబీ. ఉండుడు శాన కష్టమైతుంది."

నబీ కళ్లు తుడుచుకుని లేచాడు. నాలుగడుగులు వేశాక మనసాగక వెనక్కి తిరిగాడు. స్వామి ముఖం అప్పటికే తేటపడి ఉంది.

"మక్కా నుంచి జమ్‌జమ్ నీళ్లు తెస్త. తాగుతవా?"

"తే" అన్నాడు స్వామి. "ఎవలో ఒకలు తాగుతరు."